లండన్ నుంచి పారిస్ ఎంత దూరం?



లండన్ నుంచి పారిస్ ఎంత దూరమని అడిగితే ఇవాళ ఏ ఇంట్లో పిల్లవాడైనా ఫోన్ చూసి క్షణంలో చెప్పేస్తాడు. 344 కిలోమీటర్లు, విమానంలో గంటా ఇరవై నిమిషాలు. రెండూ సరైన అంకెలే. కానీ వాటిని నమ్ముకుని, లండన్‌లో ఉదయం తొమ్మిదింటి విమానానికి టికెట్టు కొనుక్కుని, పదిన్నరకల్లా ఐఫిల్ టవర్ దగ్గరుంటానని ఎవరికైనా మాటిస్తే మాత్రం ఆ మాట నీటిమూటే. పారిస్ గడియారంలో పదిన్నర అయ్యేసరికి ఆ విమానం ఇంకా ఇంగ్లండ్ నేల దాటి ఉండదు. ఎందుకు దాటదో, ఆ గంటా ఇరవై నిమిషాల్లో అసలు ఏం జరుగుతుందో, నూరేళ్ళ కిందట ఇదే దారి ఎలా ఉండేదో కాసేపు చెప్పుకుందాం.

ముందు దూరం సంగతి. మన విజయవాడ నుంచి విశాఖపట్నానికి రైలుదారి 350 కిలోమీటర్లు. లండన్, పారిస్‌ల మధ్య వాయుదూరం ఇంచుమించు అంతే. కాకపోతే ఈ కాస్త దారిలోనే సముద్రం అడ్డం వస్తుంది, దేశం మారుతుంది, డబ్బు మారుతుంది, గడియారం మారుతుంది, వీసా కూడా మారుతుంది. చివరిదాన్ని చాలామంది మరిచిపోతారు. దాని గురించి చివర్లో చెబుతాను.

ఈ 344 అనే అంకె ఎక్కణ్ణుంచి ఎక్కడికి? ఊరంటే ఒక చుక్క కాదు కదా. లండన్ ఒక చివరి నుంచి ఇంకో చివరికే యాభై కిలోమీటర్ల పైన ఉంటుంది. అందుకని ప్రతి పాత నగరం తనకంటూ ఒక మొదటి రాయి పెట్టుకుంది. లండన్‌కి ఆ రాయి చేరింగ్ క్రాస్. అక్కడ మొదటి చార్లెస్ రాజు గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉంటుంది. దాని వెనక నేలలో ఒక పలక, లండన్ నుంచి మైళ్ళు కొలిచేది ఇక్కణ్ణుంచేనని. పారిస్‌కి నోత్రదామ్ గుడి ముందు రాళ్ళ మధ్య లోహపు గుర్తు ఉంది. దాన్ని పాయింట్ జీరో అంటారు. ఫ్రాన్స్ రోడ్ల దూరాలు అక్కడే మొదలవుతాయి. గ్లోబు మీద ఈ రెండు చోట్లకీ ఒక దారం బిగించి పట్టుకుంటే వచ్చేదే ఆ 344. ఆ దారం మీద ప్రయాణం చేసినవాడు మాత్రం ఇంతవరకూ ఎవడూ లేడు.

ఎందుకంటే చేరింగ్ క్రాస్‌లో విమానం ఎక్కలేం, నోత్రదామ్ ముందు దిగలేం. లండన్‌లో పెద్ద విమానాశ్రయం హీత్రో. అది ఊరికి పడమట, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. పారిస్ ఏమో లండన్‌కి ఆగ్నేయ దిక్కున. అంటే పారిస్ వెళ్ళాలనుకున్నవాడు మొట్టమొదట పారిస్‌కి దూరంగా జరగాలి. అవతల షార్ల్ ద గోల్ విమానాశ్రయం పారిస్‌కి ఈశాన్యంలో పాతిక కిలోమీటర్ల అవతల ఉంది. రెండు విమానాశ్రయాల మధ్య వాయుదూరం 347 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లే తేడా అనిపిస్తుంది గానీ, రెండు చివర్లా కలిపి నలభై అయిదు కిలోమీటర్ల పైన నేల మీద తిరగాలి. దాన్ని ఏ టికెట్టూ చెప్పదు.

చౌక టికెట్ల వ్యవహారం ఇంకా బాగుంటుంది. కొన్ని విమానాశ్రయాలు పేరులో మాత్రమే ఆ ఊళ్ళో ఉంటాయి. పారిస్ బోవే అని ఒకటుంది. పారిస్ నుంచి బస్సులో గంటంబావు పడుతుంది, దూరం ఎనభై కిలోమీటర్ల చుట్టుపక్కల. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ హాన్ అని ఇంకొకటి. ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి అది నూట ఇరవై కిలోమీటర్ల దూరం. సూర్యాపేటలో దింపి హైదరాబాద్ వచ్చేసిందనడం ఇది. టికెట్టు మీద ఊరి పేరు కాక, మూడక్షరాల కోడ్ చూడాలి. సీడీజీ అంటే షార్ల్ ద గోల్, ఓఆర్‌వై అంటే పారిస్‌కి దక్షిణాన దగ్గర్లో ఉన్న ఓర్లీ, బీవీఏ అంటే బోవే. చౌక టికెట్టుతో మిగిలిన నలభై యూరోల్లో సగం ఆ బస్సుకే పోవచ్చు.

ఇక విమానం ఎక్కుదాం. ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానం పైన నిలకడగా పోయేటప్పుడు గంటకి 830 కిలోమీటర్ల దాకా వేగం అందుకుంటుంది. ఆ లెక్కన 347 కిలోమీటర్లకి పాతిక నిమిషాలు చాలు. మరి గంటా ఇరవై ఎందుకు రాస్తారు?

విమానసంస్థ చెప్పే సమయం చక్రాలు నేల వదిలినప్పుడు మొదలవదు. గేటు దగ్గర నుంచి విమానం కదిలిన క్షణం మొదలు, అవతల గేటు దగ్గర ఆగే దాకా ఉన్న సమయం అది. హీత్రోలో రన్‌వేలు రెండే. ప్రపంచంలో అంత రద్దీ ఉన్న విమానాశ్రయాల్లో రెండే రన్‌వేలతో నెట్టుకొచ్చేవి అరుదు. అందుకని విమానాలు వరసలో నిలబడతాయి. గేటు నుంచి రన్‌వే మొదటికి పోవడానికే పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. కిటికీలోంచి చూస్తే ముందు విమానం తోక, దాని ముందు ఇంకో తోక. ఇంజన్లు తిరుగుతుంటాయి, నూనె ఖర్చవుతుంటుంది, మనం మాత్రం ఇంకా మిడిల్‌సెక్స్ నేల మీదే ఉంటాం.

తరవాత టేకాఫ్. విమానం మామూలుగా గాలికి ఎదురుగా లేస్తుంది. ఇంగ్లండ్‌లో ఎక్కువ రోజులు గాలి పడమటి నుంచి వీస్తుంది. హీత్రో రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. కాబట్టి పారిస్ విమానం ఎక్కువ రోజులు పడమటికే లేస్తుంది. పారిస్‌కి వీపు పెట్టి లేచి, ఆనక దక్షిణానికి తిరిగి, అప్పుడు ఆగ్నేయం పట్టుకుంటుంది. పదివేల అడుగుల లోపు ఎత్తులో మామూలుగా 250 నాట్లకి మించి పోకూడదని నియమం. అంటే గంటకి 463 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడూ అంతే, దిగేటప్పుడూ అంతే. ఇంత చిన్న దారిలో ఎక్కడం, దిగడం పోగా మధ్యలో నిలకడగా పోయే భాగం కాసేపే మిగులుతుంది. ఎయిర్‌హోస్టెస్ కాఫీ బండి తీసుకొచ్చి సగం వరసలు దాటీ దాటకముందే బెల్టులు పెట్టుకోమని గంట మోగుతుంది. నిజంగా గాల్లో ఉండేది ముప్పావు గంట, మహా అయితే యాభై నిమిషాలు.

తిరుగు ప్రయాణంలో ఇంకొక ముచ్చట. హీత్రోకి వచ్చే విమానాలు తమ వంతు వచ్చేదాకా ఆకాశంలో నాలుగు చోట్ల చక్కర్లు కొడతాయి. ఆ నాలుగింటికీ పేర్లున్నాయి. బోవింగ్‌డన్, లాంబోర్న్, ఆక్‌హామ్, బిగ్గిన్. పారిస్ వైపు నుంచి వచ్చేవి మామూలుగా బిగ్గిన్ మీదికొస్తాయి. ఒకదాని పైన ఒకటి, వెయ్యేసి అడుగుల తేడాతో తిరుగుతుంటాయి. కింది విమానానికి పిలుపొస్తే అది వెళ్ళిపోతుంది, పైవి ఒక్కో మెట్టు దిగుతాయి. ఒక్క చుట్టుకి నాలుగైదు నిమిషాలు. రెండు చుట్లు తిరిగితే పది నిమిషాలు గోవిందా. ఇవన్నీ తెలిసే విమానసంస్థ టికెట్టు మీద కాస్త ఎక్కువ సమయం వేసి ఉంచుతుంది. ఆలస్యం కాకపోతే 'పది నిమిషాలు ముందే చేరాం' అని పైలట్ గొప్పగా ప్రకటిస్తాడు. చప్పట్లు కొట్టకండి. ఆ పది నిమిషాలు ముందే మన దగ్గర తీసుకున్నవి.

ఇప్పుడు నూరేళ్ళు వెనక్కి వెళదాం. 1919 ఆగస్టు 25. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఇంకా ఏడాది కాలేదు. ఇప్పటి హీత్రోకి దగ్గర్లోనే ఉన్న హౌన్‌స్లో హీత్ అనే మైదానం నుంచి ఒక చిన్న విమానం పారిస్ పక్కనున్న లె బూర్జేకి బయల్దేరింది. ఎయిర్‌కో డీహెచ్ 4ఏ అని దాని పేరు. యుద్ధంలో బాంబులు వెయ్యడానికి చేసిన విమానం, దానికి వెనక చిన్న డబ్బాలాంటి గది కట్టి ప్రయాణికుల విమానం చేశారు. ప్రయాణికుడు ఒక్కడే, అతనూ పత్రికా విలేకరి. మిగతా బరువు తోలు, వేట పక్షులు, డెవన్‌షైర్ మీగడ జాడీలు. రోజూ నడిచే అంతర్జాతీయ విమాన సర్వీసు అనేది అలా మొదలైంది. లె బూర్జే చేరడానికి రెండున్నర గంటలు పట్టింది.

ఈ రెండున్నర గంటలు కాస్త గుర్తుపెట్టుకోండి. దీంతో పని ఉంది.

ఆ రోజుల్లో పైలట్లకి దారి చూపే రేడియో సాధనాలు అంతంతమాత్రం. కిందికి చూస్తూ, రైలు పట్టాల వెంబడో పెద్ద రోడ్డు వెంబడో పోయేవాళ్ళు. లండన్ నుంచి పోయేవాడూ, పారిస్ నుంచి వచ్చేవాడూ ఒకే రోడ్డు చూసుకుంటూ ఎదురెదురుగా ఎగిరేవాళ్ళు. ఏదో ఒక రోజు జరగాల్సింది 1922 ఏప్రిల్ 7న జరిగింది. ఉత్తర ఫ్రాన్స్‌లో పికార్డీ ప్రాంతం మీద, పొగమంచులో, టపా తీసుకొస్తున్న బ్రిటిష్ విమానమూ, ప్రయాణికులతో వస్తున్న ఫ్రెంచ్ విమానమూ గుద్దుకున్నాయి. రెండింట్లో ఉన్న ఏడుగురూ పోయారు. రెండు ప్రయాణికుల విమానాలు గాల్లో ఢీకొనడం ప్రపంచంలో అదే మొదలు. ఆ తరవాతే విమానసంస్థలు కూర్చుని, దారి వెంబడి పోయేటప్పుడు ఎవరి కుడివైపు వాళ్ళు పోవాలని ఒప్పందానికి వచ్చాయి. ఇవాళ ఆకాశంలో కంటికి కనబడని దారులు, ఎత్తుల లెక్కలు, నేల మీద కూర్చుని విమానాలని నడిపించే కంట్రోలర్లు, ఇవన్నీ ఒక్కొక్కటిగా ఇలాంటి దుర్ఘటనల నుంచే పుట్టాయి. విమానం తిన్నగా పోకుండా ఆ దారుల మలుపులు తిరిగి పోతుంటే మనం విసుక్కుంటాం. తిన్నగా పోయిన కాలం ఎలా ఉండేదో ఆ ఏడుగురికి తెలుసు.

ఈ దారి మీద జరిగిన ఇంకొక సరదా సంగతి చెప్పాలి. నాకు బాగా ఇష్టమైన కథ ఇదే. 1909 జులై 25న లూయీ బ్లేరియో అనే ఫ్రెంచివాడు విమానంలో మొట్టమొదట ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. దానికి డెయిలీ మెయిల్ పత్రిక వెయ్యి పౌండ్ల బహుమతి ఇచ్చింది. యాభై ఏళ్ళ తరవాత, 1959 జులైలో, అదే పత్రిక ఒక పందెం పెట్టింది. లండన్‌లో మార్బుల్ ఆర్చ్ దగ్గర బయల్దేరాలి, పారిస్‌లో ఆర్క్ ద త్రియోంఫ్ చేరాలి. రెండూ రాతి తోరణాలే. ఎలా వెళతావో నీ ఇష్టం. గడియారం మాత్రం ఒక తోరణం దగ్గర మొదలై రెండో తోరణం దగ్గర ఆగుతుంది.

చూశారా, ఎంత తెలివైన షరతో. విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి అనలేదు. నడిబజారు నుంచి నడిబజారుకి అన్నారు. అప్పటికే జెట్ విమానాలు వచ్చేశాయి, గాల్లో ప్రయాణం పాతిక నిమిషాల లోపే. కాబట్టి గెలుపు ఓటములు తేలేది గాల్లో కాదు, రెండు చివర్లా ఉన్న వీధుల్లో. గెలిచినవాడు బ్రిటిష్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ చార్లెస్ మాన్. మార్బుల్ ఆర్చ్ దగ్గర మోటార్ సైకిల్ వెనక ఎక్కాడు. థేమ్స్ ఒడ్డున హెలికాప్టర్ ఎక్కాడు. ఇందాక చెప్పుకున్న బిగ్గిన్ హిల్‌లో దిగి, అక్కడ ఇంజన్ తిరుగుతూ సిద్ధంగా ఉన్న హంటర్ యుద్ధవిమానంలో దూకాడు. పారిస్ బయట విలాకూబ్లేలో దిగి మళ్ళీ హెలికాప్టర్, మళ్ళీ మోటార్ సైకిల్. మొత్తం 40 నిమిషాల 44 సెకన్లు.

అరవై ఏళ్ళు దాటిపోయింది. టికెట్టు కొనుక్కుని వెళ్ళే ఏ మామూలు మనిషికీ ఇవాళ అందులో సగం వేగం కూడా దొరకదు. ఆ రోజు మాన్‌కి పాస్‌పోర్టు వరస లేదు, బెల్టూ బూట్లూ విప్పించే సెక్యూరిటీ లేదు, సూట్‌కేసు కోసం ఎదురుచూపు లేదు, ఒక వైమానిక దళం మొత్తం వెనక ఉంది. అవన్నీ తీసేస్తే లండన్, పారిస్ నలభై నిమిషాల దూరం. అవన్నీ కలిపితే ఎంతో ఇప్పుడు లెక్క వేద్దాం.

నడిలండన్‌లో ఇల్లో హోటలో వదిలి హీత్రో చేరడానికి ముప్పావు గంట. రెండు గంటల ముందు రమ్మంటారు కాబట్టి ఆ రెండు గంటలు. గంటా ఇరవై విమానం. దిగి, నడిచి, పాస్‌పోర్టు చూపించి, సామాను తీసుకోవడానికి ముప్పావు గంట. అక్కణ్ణుంచి లోకల్ రైల్లో పారిస్ నడిమధ్యకి ఇంకో ముప్పావు గంట. అయిదున్నర గంటలు దాటింది. అందులో గాల్లో ఉన్నది యాభై నిమిషాలు.

పక్కన రైలు పెట్టి చూద్దాం. 1994 మే 6న ఎలిజబెత్ రాణి, ఫ్రాన్స్ అధ్యక్షుడు మితరాఁ కలిసి ఛానల్ సొరంగం ప్రారంభించారు. సొరంగం పొడవు యాభై కిలోమీటర్ల పైన, అందులో దాదాపు 38 కిలోమీటర్లు సముద్రం అడుగున. అదే ఏడాది నవంబరులో యూరోస్టార్ ప్రయాణికుల రైళ్ళు మొదలయ్యాయి. మొదట్లో మూడు గంటలు పట్టేది. తమాషా ఏమిటంటే ఆ రైలు ఫ్రాన్స్ వైపు గంటకి 300 కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చి, ఇంగ్లండ్ వైపు పాత పట్టాల మీదకి రాగానే సబర్బన్ రైళ్ళ మధ్య నత్తనడక నడిచేది. దీని మీద ఫ్రెంచివాళ్ళు వేసిన జోకులకి లెక్కలేదు. ఇంగ్లండ్‌లో కూడా వేగపు లైను పూర్తయి, 2007 నవంబరు 14న లండన్ స్టేషన్ వాటర్లూ నుంచి సెయింట్ పాంక్రాస్‌కి మారాక, ఆ ప్రయాణం 2 గంటల 16 నిమిషాలకి తగ్గింది.

రైలుదారి 492 కిలోమీటర్లు. వాయుదూరం కంటే నూట యాభై కిలోమీటర్లు ఎక్కువ. అయినా ఊరి నడుమ ఎక్కి ఊరి నడుమ దిగుతాం. 1919లో ఆ చిన్న విమానం రెండున్నర గంటల్లో పోయిన చోటికి ఇవాళ నేల మీద రైలే అంతకంటే తొందరగా పోతోంది. గంటా, గంటంబావు ముందు స్టేషన్ చేరినా ఇంటి నుంచి హోటలుకి నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ కూడా లండన్ స్టేషన్‌లోనే జరిగిపోతుంది. రెండు దేశాల మధ్య ఉన్న ఒప్పందం వల్ల ఫ్రెంచ్ పోలీసులు సెయింట్ పాంక్రాస్‌లో కూర్చుంటారు, బ్రిటిష్ అధికారులు పారిస్‌లో గార్ ద్యు నార్ స్టేషన్‌లో కూర్చుంటారు. కాబట్టి పారిస్‌లో దిగినవాడు సూట్‌కేసు లాక్కుంటూ తిన్నగా వీధిలోకి నడిచిపోతాడు.

మనవాళ్ళకి ఇంకో సౌకర్యం కూడా ఉందండోయ్. విమానంలో చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవపదార్థాలు చాలా విమానాశ్రయాల్లో ఒప్పుకోరు. 2006లో విమానాలు పేల్చే కుట్ర ఒకటి లండన్‌లో బయటపడ్డాక వచ్చిన నియమం అది. నూనె తేలే ఆవకాయ సీసా వాళ్ళ దృష్టిలో ద్రవమే. రైల్లో ఆ కొలత లేదు. సీసా మూత మాత్రం బిగించుకోవాలి. సొరంగంలో రైలు ఇరవై నిమిషాలు ఉంటుంది, ఆ డబ్బాలో కారిన ఆవకాయ నూనె వాసనకి పక్కవాళ్ళు ఎక్కడికీ పోలేరు.

ఇక గడియారం సంగతి. పారిస్ సమయం లండన్ కంటే గంట ముందుంటుంది. ఉదయం తొమ్మిదికి హీత్రోలో బయల్దేరిన విమానం టికెట్టు మీద పదకొండూ ఇరవైకి దిగుతుంది. రెండు గంటల ఇరవై నిమిషాలు అనిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి పారిస్‌లో బయల్దేరితే లండన్‌లో ఆరూ ఇరవైకి దిగుతుంది. ఇరవై నిమిషాలే! టికెట్టు మీద ఏ సమయమైనా ఆ ఊరి సమయమే. రెండింటినీ తీసివేసి ప్రయాణకాలం కట్టకూడదు. రెండు దేశాలూ వేసవి గడియారం మార్చుకునేది ఒకే క్షణంలో, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం. కాబట్టి ఈ గంట తేడా ఏడాది పొడుగునా మారదు. మన సమయంతో తేడా మాత్రం మారుతుంది. లండన్ మనకంటే వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు వెనక.

ఈ గంట తేడా వెనక ఒక చరిత్ర ఉంది. సూర్యుణ్ణి బట్టి చూస్తే పారిస్ గ్రీనిచ్ కంటే 9 నిమిషాల 21 సెకన్లు మాత్రమే ముందుంది. చాలా దేశాలు గ్రీనిచ్ సమయం పట్టుకున్నా ఫ్రాన్స్ చాలాకాలం పట్టుకోలేదు. చివరికి 1911లో చట్టం చేసింది. అందులో గ్రీనిచ్ అన్న మాట లేదు. ఫ్రాన్స్ అధికారిక సమయం అంటే పారిస్ సమయానికి 9 నిమిషాల 21 సెకన్లు తగ్గించినది అని రాసుకున్నారు. పౌరుషం అంటే అదీ. తరవాత 1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌ని ఆక్రమించి గడియారాలని బెర్లిన్ సమయానికి తిప్పాయి. యుద్ధం పోయింది, జర్మన్లు పోయారు, ఆ సమయం మాత్రం ఉండిపోయింది. ఇవాళ పారిస్ వెళ్ళే మనిషి చేతిగడియారం గంట ముందుకి తిప్పుతున్నాడంటే దానికి మూలం అక్కడుంది.

దూరం మారకుండానే సమయం మారిపోవడం ఐరోపాకి కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత, తూర్పు జర్మనీ మధ్యలో చిక్కుకున్న పశ్చిమ బెర్లిన్‌కి పశ్చిమ జర్మనీ నుంచి మూడే గాలిదారులు ఉండేవి. ఒక్కొక్కటి ఇరవై మైళ్ళ వెడల్పు, పదివేల అడుగుల పైకి పోకూడదు. మబ్బుల్లో కుదుపులు తింటూ పోవలసిందే. ఇప్పటి ఉదాహరణ కావాలంటే మాస్కో, కలీనిన్‌గ్రాద్ చూడండి. రెండూ రష్యావే, నడుమ మాత్రం వేరే దేశాలున్నాయి. మధ్య వాయుదూరం 1,090 కిలోమీటర్లు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక ఐరోపా దేశాలు తమ ఆకాశం రష్యా విమానాలకి మూసేశాయి. దాంతో ఆ విమానాలు ఉత్తరానికి పోయి, ఫిన్లాండ్ సింధుశాఖ మీదుగా, బాల్టిక్ సముద్రం మీదుగా చుట్టు తిరిగి దిగుతున్నాయి. రెండు గంటల లోపు ప్రయాణం మూడు గంటల దాకా సాగింది. ఊళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

చేరడం అంటే ఎప్పుడు చేరినట్టు? ఈ ప్రశ్న ఐరోపా సమాఖ్య న్యాయస్థానం దాకా వెళ్ళింది. విమానం మూడు గంటలు ఆలస్యంగా చేరితే, తప్పు విమానసంస్థదైతే, ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలి. 1,500 కిలోమీటర్ల లోపు దూరానికి 250 యూరోలు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలో కొలోన్ వెళ్ళిన ఒక విమానం 2 గంటల 58 నిమిషాల ఆలస్యంతో నేల తాకింది. గేటు దగ్గర ఆగేసరికి 3 గంటల 3 నిమిషాలు. చక్రాలు తాకినప్పుడే చేరినట్టు, కాబట్టి డబ్బు ఇవ్వం అంది సంస్థ. లోపల కూర్చున్నవాడు బయటికి రాలేనప్పుడు చేరినట్టు ఎలా అవుతుంది అన్నాడు ప్రయాణికుడు. 2014లో తీర్పు వచ్చింది. కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణికులని దిగనిచ్చిన క్షణమే చేరిన సమయం. నా దృష్టిలో విమాన ప్రయాణం గురించి ఇంత ఇంగితంతో రాసిన వాక్యం ఇంకొకటి లేదు.

మన తెలుగు పిల్లలు చాలామంది బ్రిటన్‌లో చదువుకుంటున్నారు. వాళ్ళని చూడ్డానికి వెళ్ళే అమ్మానాన్నలు అటే పారిస్ కూడా చూసొద్దామనుకుంటారు. మంచి ఆలోచనే. అలాంటివాళ్ళకి రెండు మూడు మాటలు చెప్పి ముగిస్తాను. వీలైతే లండన్‌లో దిగి పారిస్ నుంచే ఇండియా తిరిగొచ్చేలా టికెట్టు తీసుకోండి, ఒకే దారి రెండుసార్లు తిరిగే పని తప్పుతుంది. పారిస్ నుంచి చౌక విమానంలో లండన్ వచ్చి, అక్కడ వేరే టికెట్టు మీద ఇండియా విమానం పట్టుకోవాలంటే, మధ్యలో రెండు మూడు గంటలు పెట్టుకుని ధైర్యం చెయ్యకండి. విడివిడి టికెట్లయితే మొదటిది ఆలస్యమైనందుకు రెండో విమానం వాడు ఆగడు, బాధ్యత కూడా పడడు. అది కూడా రెండు వేర్వేరు విమానాశ్రయాలైతే అసలు వద్దు.

అన్నింటికంటే ముందు వీసా. బ్రిటన్ వీసా వేరు, ఫ్రాన్స్‌కి కావలసిన షెంగెన్ వీసా వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. తల్లిదండ్రులు ఇండియాలో బయల్దేరకముందే రెండూ విడివిడిగా తీసుకోవాలి. పారిస్ చూసి మళ్ళీ లండన్ రావాలనుకుంటే బ్రిటన్ వీసా రెండోసారి లోపలికి రానిచ్చేదేనా అని చూసుకోవాలి. షెంగెన్ వీసా లేకపోతే లండన్ స్టేషన్‌లోనే ఫ్రెంచ్ పోలీసు పాస్‌పోర్టు తిరగేసి వెనక్కి ఇచ్చేస్తాడు, రైలు టికెట్టు డబ్బులూ చాలావరకు తిరిగిరావు.